ఇరవై ఏళ్ళ జలుబు

మొన్న పొద్దున ఆమె పోయిందని టీవీలో చెప్పారు. "తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిన ఆ గొంతు మూగబోయింది" అని తెర అడుగున అక్షరాలు పరుగెత్తుతున్నాయి. సరిగ్గా అదే సమయానికి ఆ గొంతు నెల్లూరులో మా ఇంటి గుమ్మం దగ్గర గ్యాస్ సిలిండరు తెచ్చినతనితో, సీలు ఊడిపోయి ఉందేమిటని పోట్లాడుతోంది. ఎందుకంటే ఆ గొంతు నాది.

ఏడుపు రావలసిన చోట నాకు ముందు కోపం వచ్చింది. మనిషి పోయింది. మనిషి పోయిందని చెప్పొచ్చు కదా, గొంతు పోయిందనడం దేనికి? ఆమె బతికున్నన్నాళ్ళూ ఆమె గొంతు ఎవరు విన్నారని, ఇప్పుడు మూగబోయిందని చెప్పడానికి? టీవీ కట్టేశాను. సిలిండరతను వెళ్ళిపోయాక వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాశానంటే వెంటనే మీ చెవుల్లో నా కిచకిచ నవ్వు మోగుతుంది. ఆమె రాదు. నాకు కావలసింది ఆమె రావడం.

ఆమెది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నీళ్ళలో ఉన్న పడవవాళ్ళను ఒడ్డున నిలబడి కేకేసి పిలిచే ఇంట్లో పుట్టింది. బొంగురు గొంతు, కడుపులోంచి వచ్చేది. ఆ గొంతుతోనే నాటకాల్లో పేరు తెచ్చుకుని మద్రాసు చేరింది. మొదటి సినిమా దర్శకుడు ఆమె నటన చూసి పొంగిపోయాడు గానీ, మాట వినగానే ముఖం చిట్లించాడట. మగగొంతు అన్నాడు. ఆ యాస జనానికి ఎక్కదన్నాడు. ఎవరిదైనా సన్నగొంతు పెట్టండి అన్నాడు. ఆ సన్నగొంతుదాన్ని నేను. తెనాలి నుంచి వచ్చి, సినిమాల్లో చిన్నపిల్లలకు డబ్బింగ్ చెప్పుకుంటూ బతుకుతున్నాను అప్పటికి.

అంత పెద్ద మనిషికి ఇంత పిట్ట గొంతేమిటని జనం పడీ పడీ నవ్వారు. సినిమా ఆడింది. ఇక ఆమె కావాలన్న ప్రతివాళ్ళకూ నేను కూడా కావలసి వచ్చింది. తెర మీద పేరు ఆమెది ఒక్కదానిదే పడేది, నాది పడేది కాదు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. నా బాధ వేరే ఉంది.

షూటింగులో నటులు మాట్లాడిన మాటలను గుర్తు కోసం రికార్డు చేస్తారు. పైలట్ ట్రాక్ అంటారు దాన్ని. డబ్బింగ్ చెప్పేవాళ్ళం చీకటి గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని అది వింటూ, తెర మీద పెదాలు చూస్తూ, వాటికి మా మాట అతికిస్తాం. మాది అతికిన తర్వాత దాన్ని తీసేస్తారు. ఆమె అసలు మాట ప్రతి సినిమాలోనూ యూనిట్ వాళ్ళు విన్నారు, తర్వాత నేను విన్నాను, అంతే. విని, దాని మీద నా గొంతు పోసి కప్పేసేదాన్ని.

ఆమెకేమో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. ఎలాగూ తీసేసే మాటే కదా అని, ఆ క్షణాన నోటికి ఏది వస్తే అది అనేసేది. దాంతో పెదాలు ఒక చోట ఉండేవి, రాసిన మాట ఇంకోచోట ఉండేది. నా ప్రాణం మీదికొచ్చేది.

మొదటి సినిమాలో అద్దం సీను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరి పెద్దమనిషి, తనకంటే పొట్టే ముందు నడిచే రకం, వంటమనిషి వేషంలో ఉన్న ఆమెను పదిమందిలో నిలబెట్టి "నీ ఒళ్ళు ఎప్పుడైనా చూసుకున్నావా?" అంటాడు. ఆమె "చూసుకోడానికి అంత పెద్ద అద్దం మా ఇంట్లో లేదండీ" అని కిచకిచమని నవ్వుతుంది. ఆ నవ్వే ఆమెకు అన్నం పెట్టింది. పెళ్ళిళ్ళలో ఆడపిల్లలు ఆ నవ్వు నవ్వి చూపించేవాళ్ళు.

కాగితం మీద అసలు ఆ నవ్వు లేదు. "లేదండీ" అన్న దగ్గర మాట అయిపోవాలి. తెర మీద ఆమె పెదాలు మాత్రం ఆగలేదు. హెడ్‌ఫోన్‌లో నాకు వినిపించింది ఇదీ: "అంత అద్దం మా ఇంట్లో యాడుండాది సామీ. మీ ఇంట్లో ఉండాది గదా, దినామూ మీరు చూసుకునేది. అది పంపించండి. చూసుకోని మళ్ళా ఇచ్చేస్తా."

నేను ఫక్కున నవ్వేశాను. టేకు పాడైంది. దర్శకుడు నవ్వలేదు. పెద్దమనిషి వేషం వేసినాయన పెద్ద నటుడు, తన పొట్ట మీద మాట పడితే ఊరుకోడు అన్నాడు. మరి పెదాలు కదులుతున్నాయి కదండీ, ఏం చెప్పమంటారని అడిగాను.

"ఏముంది, నవ్వెయ్" అన్నాడాయన.

నవ్వేశాను. ఆ మాట పొడుగునా కిచకిచమని నవ్వుతూ పూడ్చేశాను. పెదాలకు అతికినట్టు సరిపోయిందని మెచ్చుకున్నారు కూడా.

సినిమా విడుదలైన వారానికి డబ్బింగ్ థియేటర్ వరండాలో ఒకావిడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. తెర మీద అంతకుముందు వందసార్లు చూసిన ముఖమే, అయినా ఎదురుగా చూసేసరికి గుమ్మంలోనే ఆగిపోయాను.

"నా గొంతు నువ్వేనా మే?" అంది.

"నేనేనండీ."

"నా మాట యాడికి పోయింది?"

జరిగింది చెప్పాను. పెద్ద నటుడి సంగతి, దర్శకుడి సంగతి, అన్నీ. నాదేమీ లేదన్నట్టుగా చెప్పాను. ఆమె మొత్తం వింది.

"వాడు నన్ను తిడితే నేనెందుకు నవ్వాల?" అని అడిగింది.

గట్టిగా కూడా అడగలేదు. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, బెంచీ మీద కూర్చుని క్యారియర్ విప్పింది. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు. "తిను. సన్న గొంతు, ముల్లు చూసుకోని తిను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. నేను ఆమెకు "మే", వాళ్ళవైపు ఆడవాళ్ళను చనువుగా పిలిచే పిలుపు. నా పేరు ఆమె ఎప్పుడైనా పలికిందో లేదో నాకు గుర్తులేదు.

సినిమాలవాళ్ళు ఆమెకు ఒక షరతు పెట్టారు. బయట జనంలో నోరు విప్పకూడదు. తెర మీది గొంతు ఆమెది కాదని తెలిస్తే వేషం చెడుతుందన్నారు. మరి పెళ్ళిళ్ళకు పిలుస్తారు, షాపులు తెరవడానికి పిలుస్తారు, బస్సులో గుర్తుపట్టి ఒక్కసారి నవ్వమంటారు. అందుకని ఆమె జలుబు కనిపెట్టింది. ఎవరు పలకరించినా గొంతు మీద చెయ్యి పెట్టుకుని, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, గుసగుసగా "జలుబమ్మా" అనేది. ఇరవై ఏళ్ళు ఆ జలుబు తగ్గలేదు. మండే ఎండల్లో కూడా తగ్గలేదు.

ఆ జలుబుకు జనం చేసిన వైద్యం ఇంతా అంతా కాదు. ఒకసారి మద్రాసు నుంచి నెల్లూరుకు ఇద్దరం బస్సులో వస్తున్నాం. తడ దాటగానే వెనక సీటులో ముసలావిడ ఆమెను గుర్తుపట్టింది. జలుబు మాట వినగానే సంచిలోంచి బామ్ తీసి, వద్దంటున్నా వినకుండా ఆమె మెడకూ ముక్కుకూ నుదుటికీ పట్టించింది. పక్క సీటాయన మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పాడు. కండక్టరు కిటికీ మూయించాడు. నాయుడుపేట దాకా ఆమె ఆ ఉక్కలో, ఆ బామ్ ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా అందరికీ దణ్ణాలు పెడుతూ కూర్చుంది. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. బస్సు దిగాక నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. "నీ గొంతు మొయ్యలేక నేను సస్తా ఉంటే నీకు నవ్వులాటగా ఉండాదా?" అంది. చెవి మంట తగ్గడానికి సాయంత్రమైంది.

వేషాలు తగ్గాక ఆమె పల్లెకు వచ్చేసింది. మా ఆయనది నెల్లూరు కావడంతో ఆయన రిటైరయ్యాక మేమూ ఇక్కడికే చేరాం. నెలకోసారి వాకాడు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. పల్లెలో ఆమెకు జలుబు లేదు. వీధి చివరి నుంచే ఆమె కేక వినిపించేది. చేపలమ్మే ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. "సినిమాలో ఆ పిట్ట గొంతేందక్కా, నీ గొంతు మద్రాసులో మర్చిపోయి వచ్చినావా?" అని. వాళ్ళమీద గయ్యిమనేది గానీ, వాళ్ళు వెళ్ళాక చేపను తోమిన చోటే మళ్ళీ మళ్ళీ తోమేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆమె టీవీ ముందు మంచం మీద కూర్చుని ఉంది. టీవీలో ఆమె పాత సినిమా వస్తోంది. శబ్దం పూర్తిగా తగ్గించేసి ఉంది. తెర మీద పెదాలు కదిలినప్పుడల్లా ఇక్కడ మంచం మీద ఆమె మాట్లాడుతోంది. అప్పుడు షూటింగులో అన్న మాటలే, ఒక్కటి పొల్లుపోకుండా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ మాటలన్నీ నాకు తెలుసు. అన్నిటినీ పూడ్చింది నేనే.

నన్ను చూసి దాచుకోలేదు. "కూసో. శబ్దం పెడితే నువ్వు అడ్డం వస్తా ఉండావు" అంది.

"అన్నీ గుర్తున్నాయా అక్కా?"

"మర్చిపోతే ఇంకెవురు చెప్తారు?" అని, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఒక్క తూరి, మే. జనం ముందర ఒక్క తూరి చెప్పాల. నవ్వినా సరే, నవ్వకపోయినా సరే" అంది.

పోయిన ఏడాది ఆ ఒక్కసారి వచ్చింది. నెల్లూరులో సినిమా ఉత్సవం చేస్తూ, జీవితమంతా నవ్వించినందుకు ఆమెకు అవార్డు ఇస్తామని కమిటీవాళ్ళు కబురు చేశారు. కమిటీ పెద్ద స్వయంగా పల్లెకు వచ్చాడు. తెల్లచొక్కా, పెద్ద పొట్ట, మంచి మర్యాద. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. స్టేజీ మీద అద్దం డైలాగు, ఆ నవ్వు తప్పకుండా ఉండాలన్నాడు.

"నా గొంతు ఇట్టా ఉంటాది సామీ. మీకు పనికొస్తాదా?" అంది ఆమె.

ఆయన గతుక్కుమన్నాడు. "జలుబామ్మా?" అన్నాడు.

"కాదు" అంది. ఆ మాట ఆమె బయటివాళ్ళతో అనగా నేను వినడం అదే మొదటిసారి.

ఆయనకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నావైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేం, బ్రహ్మాండం. మేడం పక్క కర్టెన్ వెనకాల మైకు పట్టుకుని చెప్తారు, మీరు పెదాలు కదిపితే చాలు. జనం వచ్చేది ఆ నవ్వు కోసమే గదమ్మా."

అప్పుడు నేను వద్దని ఉండవలసింది. అనలేదు. ఇక్కడ నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ చీకటి గదిలో చెప్పిన నవ్వు, జనం ఎదుట ఒక్కసారి. కర్టెన్ వెనకైతేనేం. ఆమె నా ముఖం చూసింది. చూసి, "సరే. ఈమె చెప్తాది" అంది ఆయనతో. నేను నమ్మాను.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. పల్లె నుంచి ఆడవాళ్ళు రెండు ఆటోల్లో వచ్చి, ముందు వరసలు పెద్దవాళ్ళకని చెబితే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, చూపుకోసం ఒక మైకు కూడా చేతిలో పెట్టారు. కమిటీ పెద్ద స్టేజీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కర్టెన్ వెనక స్టూలు మీద, మైకు చేతిలో.

యాంకరు పెద్దమనిషిలా గొంతు పెట్టి, "నీ ఒళ్ళు ఎప్పుడైనా చూసుకున్నావా?" అన్నాడు.

నేను చెప్పాను. "చూసుకోడానికి అంత పెద్ద అద్దం మా ఇంట్లో లేదండీ." కిచకిచ నవ్వాను. గొంతు ఇంకా అలాగే ఉంది, నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె పెదాలు కదల్లేదు. ఊరికే మూసుకోవడం కాదు, పళ్ళు పెట్టించుకోని ముసలివాళ్ళలా పెదాలు రెండూ లోపలికి మడుచుకుని జనంకేసి చూస్తూ నిలబడింది. నవ్వు ఎక్కడినుంచో గాల్లోంచి వస్తోంది. హాలు విరగబడి నవ్వింది. ఇదేదో కొత్త హాస్యం అనుకున్నారు. నవ్వు పూర్తిగా దిగేదాకా ఆమె ఆగింది. తర్వాత యాంకరుకు, మళ్ళీ అడగమని చేత్తో సైగ చేసింది.

అతను మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ చెప్పాను. ఆమె నోరు విప్పలేదు. ఈసారి సగం మందే నవ్వారు. మూడోసారి అడిగించింది. ఆమె పెదాలు కదపదని అప్పటికి నాకు తెలిసిపోయింది. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది.

ఆమె కర్టెన్ వైపు తిరిగింది. "ఇట్టా రా మే" అంది.

మైకులో ఆ బొంగురు గొంతు మోగేసరికి ముందు వరసవాళ్ళు ఉలిక్కిపడ్డారు. నేను చేతిలో మైకు అలాగే పట్టుకుని, వెలుతురులోకి వచ్చాను. ఆమె నా భుజం పట్టుకుని జనం వైపు తిప్పింది.

"మీరు విన్న గొంతు ఈమెది. నాది ఇది. ఇరవై ఏండ్లు జలుబని చెప్పినా. నాకు ఒక్క దినం గూడా జలుబు చెయ్యలా. అబద్ధం చెప్పమన్నారు, చెప్పినా, బతకాల గదా. ఈమె బాగా చెప్పింది. ఈమె మీద నాకు కోపం లేదు. ఆ నవ్వు మీద ఉండాది. ఆడ నవ్వు లేదు. ఆడ నేనొక మాటన్నా, అది తీసేసినారు."

కమిటీ పెద్ద మైకతనికి సైగ చేయడం నేను చూశాను. కార్యక్రమం చేయి దాటిపోతోందనుకున్నాడు కాబోలు. ఆమె మైకు ఆగిపోయింది. నాది ఆన్‌లోనే ఉందేమో అని నోటి దగ్గర పెట్టుకుని "అక్కా" అన్నాను. అదీ లేదు. మైకు లేని నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

ఆమె తన మైకును అటూ ఇటూ తిప్పి చూసింది. తెచ్చి యాంకరు చేతిలో పెట్టింది. స్టేజీ అంచుదాకా నడిచి, చీర కొంగు నడుముకు చుట్టి దోపింది. ఆ గొంతు మైకుకు పనికిరాదన్నవాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

"అడగవయ్యా" అంది యాంకరుతో. ఆ మాట వెనక గోడ దాకా వెళ్ళింది.

అతను పాపం బెదిరిపోయి, "నీ ఒళ్ళు ఎప్పుడైనా చూసుకున్నావా?" అని నీళ్ళు నమిలాడు.

"చూసుకునేదానికి అంత అద్దం మా ఇంట్లో యాడుండాది సామీ" అంది ఆమె. అలవాటు కొద్దీ జనం ఆ నవ్వు కోసం ఎదురు చూశారు. ఆమె నవ్వలేదు. తాపీగా తల తిప్పి, స్టేజీ పక్కన నిలబడ్డ కమిటీ పెద్ద ముఖం చూసింది, తర్వాత పొట్ట చూసింది. హాలు హాలంతా ఆమె చూపు వెంట అక్కడికే వెళ్ళింది. "మీ ఇంట్లో ఉండాది గదా, దినామూ మీరు చూసుకునేది. అది పంపించండి. చూసుకోని మళ్ళా ఇచ్చేస్తా."

మొదట ఎవరూ నవ్వలేదు. అవార్డు ఇచ్చినవాళ్ళ ఊళ్ళో, ఇచ్చినాయన మీదే ఆ మాట వేసి, ఆమె ఏమీ తెలియనట్టు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మెట్టు వెనక్కి తగ్గలేదు, సర్ది చెప్పలేదు. ఆ తర్వాత ఎక్కడ మొదలైందో తెలియదు, నవ్వు వచ్చింది. ముందు వరస పెద్దవాళ్ళు ముఖాలు దించుకుని నవ్వారు, వెనక పల్లె ఆడవాళ్ళు గోడ వదిలేసి ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. కమిటీ పెద్ద కాసేపు బిగుసుకుని నిలబడ్డాడు. ఆయనా పాపం ఎంతసేపని ఆపుకుంటాడు, ఆ పొట్ట కదలడం అందరికీ కనిపిస్తూనే ఉంది.

నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె ఆ మాట చెప్పినంతసేపూ నా పెదాలు మాటమాటకీ కదిలాయని, గొంతు మాత్రం రాలేదని నాకు అప్పుడు తెలిసింది. ఏడుస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది. ఇక చాలనుకున్నాను. కిందికి తీసుకెళ్దామని ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

ఆమె చెయ్యి విదిలించుకుంది. కళ్ళు జనం మీదే ఉన్నాయి.

"ఆగు మే, నవ్వు దిగనీ" అంది. "రెండో సినిమాది చెప్పాల."